గుర్రానికి రౌతు కావలెను

మా హరితవనం ఎన్‌క్లేవ్ కూడలిలో ప్రతిష్ఠించిన గుర్రం విగ్రహం మీద ఎవరు కూర్చోవాలన్న విషయంలో తలెత్తిన స్వల్ప అభిప్రాయభేదాలు పూర్తిగా సమసిపోయాయనీ, కాలనీవాసులందరూ కనీవినీ ఎరుగని ఏకాభిప్రాయానికి వచ్చారనీ తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. గాయపడినవారు కోలుకుంటున్నారు. విగ్రహం మాత్రం లేదు.

ఇంత ఐకమత్యం ఎలా సాధించారని పక్క కాలనీల వాళ్ళు అడుగుతున్నారు. అది ఈర్ష్య. అయినా సంక్షేమ సంఘం సంయుక్త కార్యదర్శిగా జరిగింది జరిగినట్టు చెప్పడం నా విధి.

హరితవనం గుణదల దాటాక కాలవ పక్కన ఉంది. చెట్లన్నీ కొట్టేశాక ఆ పేరు పెట్టారు. కూడలిలో ఒక్క నిద్రగన్నేరు మాత్రం మిగిలింది. దాన్ని కొట్టడానికి వచ్చిన కూలీలు ఎండకు తాళలేక దాని నీడలోనే నడుం వాల్చి, సాయంత్రం లేచి మనసొప్పక వెళ్ళిపోయారని చెబుతారు. ఆ చెట్టు పక్కనే గ్రానైటు పలకలు తాపిన ఎత్తైన దిమ్మె ఒకటుంది. కాలనీ పుట్టినప్పుడే కట్టారు. దాని మీద ఎవరి విగ్రహం పెట్టాలో తేలక ఖాళీగా ఉంచారు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఆ ఖాళీ దిమ్మెకే దండ వేసి చప్పట్లు కొట్టేవాళ్ళం. ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

అటువంటి ప్రశాంత వాతావరణంలోకి ఫ్రెంచి దంపతులు వచ్చారు. భర్త ఫిలిప్ ఇబ్రహీంపట్నం అవతల ఏదో ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించే పని మీద వచ్చి, మా సంఘం అధ్యక్షులు తిరుపతిరావు గారి మేడ మీద వాటాలో దిగాడు. భార్య డయానా శిల్పి. వాళ్ళ దేశంలో పల్లెటూరు, పల్లెటూళ్ళో ఇల్లు, ఇంటి చుట్టూ గుర్రాలు. జన్మంతా గుర్రాల బొమ్మలే చేసిందట. అధ్యక్షుల వారి సతీమణి మాణిక్యమ్మ గారు జాలిపడి, "ఎప్పుడూ మనుషుల్ని చెయ్యాలనిపించలేదా అమ్మా?" అని అడిగారు. డయానాకి తెలుగు కాస్త వచ్చు. "ఒకసారి చేశానండి. గుర్రమంత బాగా రాలేదండి" అంది.

అద్దెకు దిగినవాళ్ళు ఏవాళ్ళో తెలుసుకోవడం మా కాలనీలో మర్యాద. మాణిక్యమ్మ గారు ఆ మర్యాద మొదటి రోజే పాటించారు.

"మీరేవాళ్ళండీ?"

"ఫ్రెంచి వాళ్ళమండి."

"అది దేశం. మీరేవాళ్ళని?"

ఫిలిప్, డయానా అనే పేర్లు విని మొదట గుణదల చర్చి వాళ్ళేమో, రంగు కాస్త తేలిందేమో అనుకున్నారు. ఇంట్లో పనిచేసే అమలమ్మని వాకబు చేస్తే, "మా గుళ్ళో ఎప్పుడూ కనబళ్ళేదమ్మా, తిరణాలక్కూడా రాలేదు" అని తేల్చేసింది. అప్పుడు కాలనీ పెద్దలు సమావేశమై, తెల్లవాళ్ళు గనుక ఓసీలేనని తీర్మానించుకుని ఊపిరి పీల్చుకున్నారు.

వేసవి వచ్చింది. మే నెలలో మా ఊరి కుక్కలు కూడా పొద్దెక్కకముందే కార్ల కిందకి చేరతాయి. ఈ దంపతులు సరిగ్గా అప్పుడే టోపీలు పెట్టుకుని స్కూటరెక్కి ఊళ్ళు చూడ్డానికి బయల్దేరేవాళ్ళు. చూడ్డానికి ఇక్కడేముందనీ, చల్లగా బెంజ్ సర్కిల్ వైపు ఏసీ షాపుల్లో తిరిగి రావచ్చు గదా అనీ మేం ఎంతగానో చెప్పాం. వినలేదు. వాళ్ళకి పొలాలు కావాలి, కాలవలు కావాలి, తోటలు కావాలి.

అయితే కృష్ణా డెల్టాలో తెల్లవాడు ఊరికే తిరగడమనేది జరగని పని. మామిడి తోటలు చూద్దామని నూజివీడు వెళ్ళారు. ఊరి మొదట్లోనే ఆపి మినరల్ వాటర్ ప్లాంటు రిబ్బను కత్తిరింపించారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూద్దామని హంసలదీవి బయల్దేరారు. దారిలో ఒక ఓణీల ఫంక్షను, ఒక షష్టిపూర్తి, ఒక కోచింగు సెంటరు ప్రారంభోత్సవం దాటేసరికి పొద్దుగూకింది. సముద్రం తర్వాత చూడొచ్చులే అన్నారు అందరూ. వెళ్ళిన ప్రతిచోటా ముఖ్య అతిథులు వాళ్ళే. ప్రతిచోటా ఒక జ్ఞాపిక, ఇద్దరికీ చెరో శాలువా, "ఫ్రాన్సు ముద్దుబిడ్డకు స్వాగతం" అని ఒక ఫ్లెక్సీ. ఎండలో శాలువా కప్పితే ఫిలిప్ తీసేయబోయాడు. తీస్తే కప్పినవారికి అవమానమని మేమే నచ్చజెప్పాం. పాపం, మంచివాడు. చెమటకాయలతో వారం రోజులు చొక్కా లేకుండా తిరిగాడు గాని, శాలువా మాత్రం ఎక్కడా తియ్యలేదు. వాళ్ళ ఇంట్లో శాలువాలు బీరువా దాటి, మంచం దాటి, వంటింట్లోకి వచ్చేశాయి.

ఇక లాజరు సంగతి చెప్పాలి.

పెళ్ళికొడుకు గుర్రమెక్కి ఊరేగడం తరతరాలుగా వస్తున్న మన ఆచారం. మా కాలనీలో అది కరోనా తర్వాత మొదలైంది. గుణదల కొండ కింద ఉండే లాజరు దగ్గర మల్లి అనే తెల్లగుర్రం ఉంది. లాజరు ఎవరో కాదు, అమలమ్మ మొగుడే. మా పెళ్ళికొడుకులందరినీ మండపానికి చేర్చింది ఆ మల్లే. ఎక్కినవాళ్ళలో సగం మంది కళ్ళు మూసుకుని, మిగతావాళ్ళు దాని మెడ కరుచుకుని వెళ్ళారు. ఫోటోల్లో మాత్రం అందరూ మహారాజులే. లాజరు పగ్గం పట్టుకుని ముందు నడుస్తాడు. పెళ్ళికొడుకు దిగిపోయాక ఖాళీ గుర్రాన్ని ఇంటికి తోలుకెళ్ళేటప్పుడు కూడా నడిచే వెళతాడు. ఒకసారి ఎక్కి వెళుతుంటే పెద్దలెవరో పిలిచి, "ఊళ్ళో ఎందుకులేరా, కాలవ దాటాక ఎక్కు" అన్నారట. అది సలహాయే గాని ఆంక్ష కాదు. ఆ తర్వాత కాలవ దాటాక కూడా అతను ఎక్కగా ఎవరూ చూళ్ళేదు.

ఈ ఏడు నడివేసవిలో మూఢం వచ్చిపడింది. ముహూర్తాల్లేవు, పెళ్ళిళ్ళు లేవు, మల్లికి పని లేదు. ఆకలికి మాత్రం మూఢం లేదు. లాజరు ఇంటి దగ్గర నీడ లేక మల్లిని తెచ్చి మా కూడలిలో నిద్రగన్నేరు కింద కట్టేసేవాడు. గుర్రపు లద్దె వల్ల కాలనీ ప్రతిష్ఠకు భంగం కలుగుతున్నదని సంఘం భావించి, వెంటనే తోలుకుపొమ్మంది. లాజరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. బందరు నుంచి ఒకాయన మంగినపూడి బీచిలో పిల్లల్ని తిప్పడానికి గుర్రం కావాలని కబుర్ల మీద కబుర్లు పెడుతున్నాడు. అమ్మడం లాజరుకి ఇష్టం లేదు.

"శ్రావణం దాకా ఆగితే చాలండమ్మా" అన్నాడు డయానాతో. "ఈ నీడ ఒక్కటుంటే గడ్డి ఎట్టాగో తిప్పలుపడి తెచ్చుకుంటాను. బీచికిచ్చానంటే ఆ ఇసకలో పరిగెత్తి పరిగెత్తి దాని కాళ్ళు ఏడాది ఆగవండి. పిల్లలాగా పెంచాను."

డయానా ఆ సాయంత్రమే మా సంఘానికి ఒక ప్రతిపాదన చేసింది. మీ దిమ్మె మీదకి బొమ్మ నేను చేసిస్తాను, దానికి బదులుగా మల్లిని శ్రావణం వచ్చేదాకా ఆ చెట్టు కింద ఉండనివ్వండి. ఏం బొమ్మ అని అడిగాం. గుర్రం అంది. మేం ఆలోచించాం. గుర్రానికి సామాజిక వర్గం లేదు, పార్టీ లేదు. పైగా పక్క కాలనీలో గుర్రం లేదు. తిరుపతిరావు గారు లేచి, "ఫ్రాన్సు, హరితవనం సోదరభావానికి ఇది చారిత్రక ఘట్టం. ఈ చెట్టు నీడ మల్లిదే, ఇది నా మాట" అన్నారు. చప్పట్లు మోగాయి. మీద ఎవరుంటారని మేం అడగలేదు. గుర్రమంటే మీద ఎవరో ఒకరుంటారు, అది అడగాల్సిన విషయమా అనుకున్నాం.

ఫ్లెక్సీల చట్రాల్లోంచి ఇనుప చువ్వలు తీసి డయానా గుర్రానికి ఎముకలు కట్టింది. లోపల ఏం కూరాలో ఆలోచించి, ఇల్లంతా పరుచుకున్న శాలువాలు పట్టినన్ని కూరింది. మీద వలకట్టి సిమెంటు పూసింది. మల్లి చెట్టు కింద నిలబడి మోడలుగా సహకరించింది. మేం కూడా సలహాలిచ్చి సహకరించాం. ముందు కాళ్ళు రెండూ పైకెత్తాలని యువజన విభాగం నాయకుడు చక్రి పట్టుబట్టాడు. డయానా వినలేదు. మల్లి ఎలా నిలబడిందో అలాగే చేసింది. తల కాస్త వంచి, ఒక వెనక కాలు వదులుగా పెట్టి, కునుకు తీస్తున్నట్టు.

"నిద్రపోతందేంటండీ?" అన్నాడు చక్రి.

"మూఢం గదండీ" అంది డయానా.

మల్లి వీపు మీద పెళ్ళి జీను ఉంది గనుక బొమ్మకీ జీను చేసింది. ఆ వేసవంతా ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. తిరుపతిరావు గారు గంటసేపు ప్రసంగించి, అశ్వం వేగానికి ప్రతీక అనీ, మన రాష్ట్రం కూడా అలాగే దూసుకుపోతున్నదనీ చెప్పి తాడు లాగారు. తెర పడింది. కునుకు తీస్తున్న గుర్రం కనబడింది. సభలో అందరూ మెడలు సాచి గుర్రం వీపు వైపు చూశారు. చివరికి వెనక వరసలోంచి ఎవరో, "పైన ఆయనేడండీ?" అన్నారు.

అందరూ డయానా వైపు చూశారు.

"పైన ఎవరూ లేరండి. గుర్రమే ఉందండి" అంది.

అధ్యక్షుల వారు సమయస్ఫూర్తి గలవారు. మైకు మళ్ళీ అందుకుని, "ఇది తొలి దశ మాత్రమే. రౌతుగా కూర్చోబోయే మహనీయుడి వివరాలు కాలనీవాసుల అభీష్టం మేరకు త్వరలో ప్రకటిస్తాం" అన్నారు. ఈసారి చప్పట్లు హోరెత్తాయి.

ఆ మర్నాటి నుంచి మా కాలనీ చైతన్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక సామాజిక వర్గం వారు తమ నాయకుడి పేరు తెచ్చారు. ఆయన బతికున్నన్నాళ్ళూ రైల్లో తిరిగారు. మరో సామాజిక వర్గం వారి నాయకుడు ఎడ్లబండి దిగిందే లేదు. ఇంకో వర్గం వారి పెద్దాయన జీవితమంతా సైకిలు తొక్కారు. అందుకే ఇప్పుడైనా గుర్రమెక్కించాలని వారి వాదన. మాణిక్యమ్మ గారి నాయకత్వంలో మహిళలు వీరనారి కావాలన్నారు. ఏ వీరనారి అన్న దగ్గర వాళ్ళు మూడుగా చీలారు. చక్రి తన అభిమాన హీరో పేరు చెప్పాడు. ఆ హీరో సినిమాల్లో చాలా గుర్రాలెక్కాడు, కాబట్టి మొత్తం జాబితాలో అనుభవం ఉన్నది ఆయనొక్కడికే. తెల్లారి చూస్తే జీను మీద ఒక ఫ్లెక్సీ ముఖం ఉండేది. మధ్యాహ్నానికి అది చిరిగి ఇంకొకటి వచ్చేది. కొన్నాళ్ళకి ఫ్లెక్సీలు కాకుండా తలలే పగలసాగాయి.

అప్పుడు పోలీసులు వచ్చి శాంతిభద్రతల దృష్ట్యా గుర్రానికి తెల్లగుడ్డతో ముసుగు కట్టి, కాపలా పెట్టారు. కాపలావాళ్ళకి టెంటు కావాలి. టెంటుకి నీడ కావాలి. నీడ ఉన్నది నిద్రగన్నేరు కింద. ఆ నీడలో మల్లి ఉంది. పైగా ముసుగేసిన గుర్రం పక్కన ముసుగు లేని గుర్రం ఉంటే జనం రెచ్చిపోయే ప్రమాదం ఉందని మూడు వర్గాల వారూ విడివిడిగా ఫిర్యాదు చేశారు. మల్లిని తోలెయ్యమన్నారు.

డయానా తిరుపతిరావు గారి దగ్గరికి వచ్చి, చెట్టు నీడ మల్లిదేనని మాటిచ్చారు గదా అని అడిగింది.

"ఇచ్చానమ్మా, కాదన్లేదు. కానీ మీ బొమ్మ ఇంకా పూర్తి కాలా. రౌతు రావాలి గదా. రాగానే మల్లిని కూడా రానిస్తాం."

"గుర్రం మీద ఎవరూ లేరండి. గుర్రమే ఉందండి."

ఆయన నవ్వారు. "మీ దేశంలో ఎట్టా ఉంటదో గానీ, ఇక్కడ ఖాళీ సీటు కనబడితే జనం ఊరుకోరమ్మా. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు వేస్తారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు. అసలు రౌతే లేకపోతే ఎట్టా?"

లాజరు మల్లిని కాలవ గట్టు మీదకి తోలుకెళ్ళాడు. అక్కడ గడ్డి ఉంది, నీడ లేదు. దంపతులు ఆ తర్వాత ఊళ్ళు చూడ్డానికి వెళ్ళడం మానేశారు. బొమ్మలో కూరగా మిగిలిన శాలువాలన్నీ డయానా అమలమ్మతో కలిసి కుట్టి, నాలుగు కర్రలు పాతి, మల్లికి పందిరి వేసింది. "సన్మాన గ్రహీతకు శుభాకాంక్షలు" అని జరీతో నేసిన అంచు గుర్రం చెవుల దగ్గర వేలాడుతుండేది. బందరాయన వచ్చి మల్లి పళ్ళు చూసి, కాళ్ళు తట్టి చూసి వెళ్ళాడు. శ్రావణంలో మొదటి ముహూర్తం దాకా చూస్తాననీ, బేరాలు రాకపోతే ఇచ్చేస్తాననీ లాజరు తల దించుకుని చెప్పాడు.

ఆ మొదటి ముహూర్తం తిరుపతిరావు గారి సుపుత్రుడు హర్షవర్ధన్‌దే అయింది. గుర్రం లేకుండా ఊరేగితే నలుగురిలో నామోషీ. అధ్యక్షుల వారు పెద్ద మనసు చేసుకుని లాజరుకి కబురు పెట్టారు. మల్లి అలంకరించుకుని వచ్చింది. హర్షవర్ధన్ షేర్వాణీ, తలపాగా, చేతిలో అట్టకత్తితో, ఇద్దరు ఎత్తితే ఎక్కాడు. బ్యాండు మోగింది. లాజరు పగ్గం పట్టుకుని నడిచాడు. మేడ మీది దంపతులు కూడా కొత్తబట్టలు కట్టుకుని వచ్చారు. అప్పటిదాకా అంతా శాస్త్రోక్తంగా జరిగింది.

ఊరేగింపు కూడలికి వచ్చింది. మల్లి అక్కడ ఆగింది. తర్వాత బ్యాండుని, బంధువుల్ని తోసుకుంటూ తన పాత నీడలోకి నడిచి, టెంటు తాడు పక్కన, దిమ్మెని ఆనుకుని నిలబడిపోయింది. తల వంచింది. వెనక కాలు వదులు చేసింది. లాజరు బతిమాలినా కదల్లేదు. పెళ్ళికొడుకు కత్తి పట్టుకుని, తలపాగా తురాయితో, ముసుగు గుర్రం పక్కనే ఠీవిగా కనబడ్డాడు.

"అదీ సంగతి!" అని అరిచారెవరో. "మన పెద్దాయనకి ఇవ్వకుండా కొడుకుని కూర్చోబెడదామని చూస్తన్నాడు తిరుపతిరావు!"

తర్వాత ఏం జరిగిందో ఎవరి వర్గం వారు వారి పద్ధతిలో చెబుతున్నారు. కాపలా పోలీసులు అప్పటికే పెళ్ళి భోజనాలకి వెళ్ళారన్నదీ, ముసుగు ఊడిందన్నదీ మాత్రం నిజం. రైలు నాయకుడి వాళ్ళు గుర్రాన్ని ముందుకి లాగారు, సైకిలు నాయకుడి వాళ్ళు వెనక్కి లాగారు, చక్రి వాళ్ళు పైకెక్కారు. గుర్రం దిమ్మె మీద నుంచి పడి పొట్ట పగిలింది. పొట్టలోంచి శాలువాలు జలజలా రాలాయి.

కొట్లాట ఠక్కున ఆగింది. "ఇది మేం ఫిలిప్‌గారికి కప్పింది గదూ!" అన్నారొకరు. "ఇది మా బావమరిదికి కప్పితే, ఆయన మాకిస్తే, మేం ఆయమ్మకి కప్పాం" అన్నారింకొకరు. అందరూ వంగి ఎవరి శాలువాలు వాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టారు. ఆ క్షణంలో మా కాలనీలో వెల్లివిరిసిన శాంతిని నేను జన్మలో మరచిపోలేను.

అంతలో ఊరేగింపు వెనక ఎవరో తెలియక టపాసుల లడి అంటించారు. మల్లి బెదిరింది. రెండు కాళ్ళూ పైకి లేపింది. హర్షవర్ధన్ అత్తవారి తరపు వాళ్ళ మీద పడ్డాడు. చుట్టూ జనం, కింద ఇనుప చువ్వలు, పక్కన టెంటు తాళ్ళు. లాజరు పగ్గానికి వేలాడుతూ, "అమ్మా, కాళ్ళు విరగ్గొట్టుకుంటది, కాళ్ళు విరగ్గొట్టుకుంటది" అని ఏడుస్తున్నాడు. నేల మీద నుంచి దాన్ని పట్టడం అతని వల్ల కావడం లేదు.

"లాజరు గారూ, ఎక్కండి!" అని అరిచింది డయానా. మా కాలనీలో అతన్ని గారు అన్నవాళ్ళు అంతకుముందు లేరు.

లాజరు ఒక్కసారి తిరుపతిరావు గారి వైపు చూశాడు. తర్వాత ఎక్కాడు. జీను మీద కూర్చుని మల్లి మెడ నిమిరాడు. అది నాలుగు కాళ్ళూ కింద పెట్టింది. చువ్వల మధ్య నుంచి, శాలువాల మీద నుంచి, రెండుగా చీలి దారిచ్చిన పెద్దమనుషుల మధ్య నుంచి అతను దాన్ని నిదానంగా నడిపించుకుంటూ కాలవ గట్టు ఎక్కి, అక్కణ్ణుంచి దౌడు తీయించాడు. వెన్ను నిటారుగా ఉంది. గుర్రమెక్కిన మనిషిని చూడడం మాకు అదే మొదటిసారి. చాలా బాగున్నాడు. అదే అందరినీ కలచివేసింది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాం. కట్లు కట్టించుకుని వచ్చినవారితో సహా అన్ని సామాజిక వర్గాలూ, మహిళా విభాగం మూడు చీలికలూ, యువజన విభాగమూ హాజరయ్యాయి. తీర్మానం రాసింది నేనే. "కాలనీ పరిధిలో ప్రాణమున్న గుర్రాలను తోలువారు వాటిని ఎక్కరాదు." చర్చ జరగలేదు, అవసరం రాలేదు. ఎత్తని చెయ్యి ఒక్కటీ లేదు. పొద్దున తలలు పగలగొట్టుకున్నవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. దిమ్మె మళ్ళీ ఖాళీగా ఉంది. పంద్రాగస్టుకి దండ వేశాం.

ఫ్రెంచి దంపతులు ఆ నెలాఖరుకి వెళ్ళిపోయారు. వీడ్కోలు సభలో శాలువా కప్పాం. దులిపే కప్పాం గాని, ఫిలిప్‌కి సిమెంటు తుమ్ములు వచ్చాయి. మల్లిని అమ్మలేదు. ఆ దౌడుని పెళ్ళివారెవరో ఫోనులో తీసి ఊరంతా పంపారట, లాజరుకి ఇప్పుడు ఊపిరాడనన్ని బేరాలు. మా కాలనీ పెళ్ళిళ్ళకి మాత్రం ఖాళీ లేదంటాడు. సాయంత్రం వేళ కాలవ అవతలి గట్టు మీద ఎక్కే తిరుగుతాడు. అవతలి గట్టు మా పరిధిలోకి రాదు. వాళ్ళ పంచాయతీకి ఉత్తరం రాస్తున్నాం.

ఈ మొత్తం వ్యవహారం మీద పాఠకులకు అభ్యంతరాలుంటే నిస్సంకోచంగా తెలపవచ్చు. మా కాలనీవాళ్ళని చూసి మీరు నవ్వుకుని ఉంటారనీ తెలుసు. కానీ ఇంతసేపూ చదువుతూ ఆ ఖాళీ జీను మీద మీరూ మనసులో ఒకాయన్ని కూర్చోబెట్టే ఉంటారు. ఆయనెవరో మాకు చెప్పనక్కర్లేదు. మీ ఇంటిపేరు చెప్పండి, చాలు.